పాత తుపాకి కొనే ముందు: కాగితం, నంబరు, గొట్టం

శెనిక్కాయ చేలో ఊడలు దిగి కాయ పట్టే వేళకు నల్లమల అంచు పల్లెల్లో రైతుకు కంటి మీద కునుకుండదు. చీకటి పడితే అడవి పందుల మంద దిగుతుంది. తెల్లారేసరికి చేను దున్నినట్టు కనిపిస్తుంది. డబ్బాలు మోగించి, చేను చుట్టూ పాత చీరలు కట్టి, మంచె మీద రాత్రంతా కూర్చుని విసిగిపోయిన రైతుకు ఏదో ఒకనాడు ఎవరో ఒకరు చెబుతారు: ఫలానా ఊళ్లో, ఫలానా పెద్దాయన ఇంట్లో పాత తుపాకి ఉన్నదని, చవకగా అమ్ముతారని.

పోయి చూస్తే అది జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకి. మడమ కర్ర పగిలి ఉంటుంది. గొట్టం పైన ఎర్రగా తుప్పు. "మా నాయన తుపాకి మామా ఇది. తుప్పు గీకిస్తే కొత్తదాని మాదిరి అవుతాది. ఎంతో కొంత ఇచ్చి తీసుకపో" అంటాడు ఇంటివాడు. "పేలుతుందా అల్లుడా?" అని అడిగితే, "పేలక ఏం చేస్తాది మామా!" అని జవాబు.

బేరం దారి తప్పేది ఇక్కడే. పేలుతుందా అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. దానికి ముందు అడగాల్సినవి మూడు ఉన్నాయి. ఇది ఎవరి పేరున ఉన్నది? దీని నంబరు ఎక్కడ? దీని గొట్టం లోపల ఎట్లా ఉన్నది? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే పగిలిన కర్రను, బిగిసిన మరను, పోయిన రంగును బాగు చేయించుకోవచ్చు. ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ తుపాకి ఊరికే ఇచ్చినా పుచ్చుకోదగినది కాదు.

అటక మీది తుపాకి ఎవరిది?

తండ్రి తుపాకి కొడుకుదే కదా అని పల్లెల్లో అనుకుంటారు. పొలానికి, ఇంటికి ఆ మాట చెల్లుతుంది గాని తుపాకికి చెల్లదు. లైసెన్సు మనిషికి ఇచ్చేది. ఆ మనిషి కాలం చేస్తే ఇంట్లో ఉన్న తుపాకికి కాగితం లేనట్టే. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం ఇంటివారు ఆలస్యం చేయకుండా దానిని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ దుకాణంలో గాని అప్పగించి రసీదు పుచ్చుకోవాలి. ఆ తర్వాత వారసుడు తన పేరున లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు. లేదంటే లైసెన్సు ఉన్న మరొకరికి అమ్ముకోవచ్చు. గడువు దాటినా ఏమీ చేయకపోతే తుపాకి సర్కారు పరమవుతుంది.

పెద్దాయన బతికి ఉండగానే ఈ పని చక్కబెట్టుకునే వీలు కూడా ఉన్నది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకిని 25 ఏళ్లు ఉంచుకున్నా, రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు, తాను కోరిన వారసుడి పేరున లైసెన్సు ఇవ్వాలని అడగవచ్చు. ఈ సంగతి తెలియక తుపాకిని అటక మీదకు ఎక్కించి, ఆ తర్వాత కేసుల పాలైతే లాభం లేదు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం జైలుకు పోయే నేరం. "మా నాయనది" అన్న మాట అక్కడ పనికి రాదు.

అమ్మేవాడికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నా, చేతిలో డబ్బు పోసి తుపాకి భుజాన వేసుకుని రావడానికి వీల్లేదు. తన సొంతానికి ఉంచుకున్న తుపాకిని అమ్మదలచినవాడు ఆ సంగతిని జిల్లా మేజిస్ట్రేటుకు గాని, దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గాని ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. తెలిపిన నాటి నుంచి 45 రోజులు గడిచేదాకా తుపాకి చేయి మారరాదు. ఎద్దుల సంతలో మాదిరి అక్కడికక్కడ తేలే బేరం కాదు ఇది.

కొనేవాడి సంగతికి వస్తే, తుపాకి చూడబోయే ముందే అతని చేతిలో లైసెన్సు ఉండాలి. 21 ఏళ్లు నిండి ఉండాలి. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ తర్వాత ఒక్కరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. తాతల నాటిదైనా ఈ లెక్కలోకే వస్తుంది. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అర్జీ పెట్టుకోవలసింది నివాసం ఉన్న జిల్లాలో. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరు జిల్లా అయింది కనుక ఆత్మకూరు, కోవెలకుంట్ల వైపు వారు ఇప్పుడు కర్నూలుకు కాక నంద్యాల కలెక్టరు ఆఫీసుకు పోవాలి. లైసెన్సుకు దేశమంతటికీ చెల్లే లెక్కలో ఒక ప్రత్యేక సంఖ్య కూడా ఉంటుంది. పాత పుస్తకంలో ఆ సంఖ్య లేకపోతే అమ్మేవాడి లైసెన్సు చెల్లుతున్నదా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ గడ్డ మీద తుపాకి లెక్క

కాగితానికి ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారు ఈ జిల్లాల చరిత్రను ఒకసారి తిరగేయాలి. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తత చేసినప్పుడు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. అప్పటికి ఇక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్లు, వారి వెంట వేలాది మంది సాయుధులు ఉండేవారు. మన్రో మొదట చేసిన పనుల్లో వారి చేతి ఆయుధాలను తగ్గించడం ఒకటి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగు చేస్తున్నాడన్న అనుమానంతో కుంఫిణీ సేన వచ్చి కోటను పట్టుకున్నది. భారీ ఆయుధాల నిలువ బయటపడింది. నవాబు రాజ్యం పోయింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను అదే కోవెలకుంట్లలో ఉరి తీశారు.

ఆ తర్వాత 1878లో దొరలు ఆయుధాల చట్టం తెచ్చారు. దేశీయుడికి తుపాకి కావాలంటే లైసెన్సు ఉండాలన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక దాని స్థానంలో 1959 చట్టం వచ్చింది. 1962 అక్టోబరు 1 నుంచి అది అమలులో ఉన్నది. ఫ్యాక్షన్ కక్షలు చూసిన పల్లెల్లో తుపాకి పేరెత్తితే పోలీసులు మరో రెండు ప్రశ్నలు ఎక్కువ అడగడం సహజమే. శాంతిభద్రతలకు ముప్పని తోస్తే లైసెన్సు ఇవ్వకుండా ఆపడానికి, ఇచ్చినదాన్ని రద్దు చేయడానికి అధికారులకు చట్టంలోనే అధికారం ఉన్నది. కనుక తుపాకి విషయంలో నోటిమాట బేరాలకు చోటు లేదు.

నంబరు చెరిగితే నేరం

కాగితం కుదిరాక చూడవలసింది నంబరు. తుపాకి మీద తయారుచేసిన వారి పేరు, నంబరు కొట్టి ఉంటాయి. లైసెన్సు పుస్తకంలో రాసిన నంబరు, ఇనుము మీద ఉన్న నంబరు అంకె అంకె సరిపోవాలి. గొట్టాన్ని పెట్టె నుంచి విడదీసి గొట్టం మీద, పెట్టె మీద, ముందు కర్ర ఇనుము మీద కూడా చూడాలి. మూడుచోట్లా ఒకే నంబరు ఉంటే అవి ఒకే తుపాకి భాగాలు. ఒకచోట ఒకటి, మరోచోట మరొకటి ఉంటే రెండు తుపాకులను కలిపి ఒకటి చేశారన్నమాట. అట్లాంటిది బిగుతుగా కూర్చోదు.

పేరు గాని నంబరు గాని లేని తుపాకిని అమ్మడమే నేరం. ఉన్న నంబరును చెరపడం, మార్చడం కూడా నేరం. నంబరు చెరిగిన తుపాకి ఎవరి దగ్గర దొరికితే వారే చెరిపారని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం వారిదే. తుప్పు గీకించి మెరుగు పెట్టించాలనే ఉబలాటంలో చాలామంది మరచిపోయేది ఇదే. ఉప్పు కాగితం పెట్టి నాలుగు రోజులు రుద్దితే తుప్పుతో పాటు నంబరూ అరిగిపోతుంది. తుపాకి తళతళలాడుతుంది గాని, దాని యజమానికి చిక్కు మొదలవుతుంది.

గొట్టంలోనే అసలు సంగతి

పన్నెండు బోరు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఒక పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు. లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడినంతా మోసేది ఈ గొట్టమే. తూటా కూర్చునే చోట ఒత్తిడి అందరికన్నా ఎక్కువ. అక్కడ తుపాకి పట్టుకున్నవాడి ఎడమచేయి, ముఖం ఎంత దూరంలో ఉంటాయో చెప్పనక్కర లేదు.

చూసే ముందు లైసెన్సుదారు పక్కనే ఉండాలి. మొదట మడత తెరిచి లోపల తూటా లేదని కంటితో చూడాలి. "ఏళ్లుగా ఖాళీగానే ఉన్నది" అన్న మాట నమ్మరాదు. తర్వాత గొట్టాన్ని విడదీసి ఆకాశం వెలుతురుకు ఎత్తి పట్టి వెనుక నుంచి చూడాలి. అటక మీద పడి ఉన్న గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉండవచ్చు. గుడ్డముక్క ఇరుక్కుని ఉండవచ్చు. అడ్డం ఉన్న గొట్టంలో తూటా పేలిస్తే గొట్టం చీలిపోతుంది.

శుభ్రం చేసి చూస్తే లోపలి గోడ మీద వెలుతురు వలయాలు వలయాలుగా కనిపిస్తుంది. ఆ వలయాలు గుండ్రంగా, క్రమంగా ఉంటే గొట్టం తిన్నగా ఉన్నట్టు. ఎక్కడైనా వలయం నొక్కుకుపోయినట్టుంటే బయటి నుంచి దెబ్బ తగిలి సొట్ట పడిందన్నమాట. నల్లటి ఉంగరం లాంటి నీడ ఉంటే అక్కడ గొట్టం ఉబ్బి ఉండవచ్చు. బయట వేళ్లతో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. సొట్టను నిపుణుడు సరిచేయగలడు. ఉబ్బినచోట లోహం సాగి బలహీనపడింది కనుక దాని జోలికి పోకపోవడం మేలు.

తుప్పు తిన్న గుంతలు గొట్టం మధ్యలో ఒకటి రెండు ఉంటే దిగులు లేదు. తూటా కూర్చునే చోట, దాని ముందర జానెడు దూరంలో లోతుగా గుంతలు పడి ఉంటే ఆ గొట్టం పని అయిపోయినట్టే. గుంతలు పోయేదాకా లోపల గీకిస్తామనేవారు ఉంటారు. గీకితే గుంత పోతుంది, దానితో పాటు గోడ మందమూ పోతుంది. మందాన్ని కొలిచే పనిముట్టు మంచి మరమ్మతుదారు దగ్గర ఉంటుంది. కొలిపించుకోకుండా కొనరాదు.

జోడు గొట్టాల మధ్య పట్టీని టంకంతో అతికి ఉంటారు. టంకం వదిలిందా లేదా తెలుసుకోవడానికి పాత మరమ్మతుదారులు ఒక ఉపాయం చేస్తారు. విడదీసిన గొట్టాలను వెనుక కొక్కెం దగ్గర వేలికి తగిలించి వేలాడదీసి, కర్రతో మెల్లగా తట్టి చూస్తారు. గంట మోగినట్టు సాగే మోత వస్తే అతుకు గట్టిగా ఉన్నట్టు. పగిలిన కుండను తట్టినట్టు బొద్దుగా పలికితే టంకం వదిలినట్టు.

ఇక మడత. ముందు కర్ర తీసివేసి, గొట్టాన్ని పెట్టెకు బిగించి మూసి, పక్కలకు ఊపి చూడాలి. కదిలితే కీలు అరిగిపోయింది. గొట్టం వెనుక ముఖానికీ పెట్టెకూ మధ్య వెలుతురు కనిపించినా అంతే. తూటా పేలినప్పుడు ఆ సందులో నుంచి మంట వెనక్కి కొట్టవచ్చు. దీనిని బాగు చేయవచ్చు గాని పని పెద్దది, ఖర్చూ పెద్దదే. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ అవుతుంది.

ముద్రలు చెప్పే కథ

సీమ పల్లెల్లో దొరికే పాత తుపాకుల్లో కొన్ని బర్మింగ్‌హామ్‌వి, కొన్ని బెల్జియం దేశపు లియేజ్ నగరానివి, మరికొన్ని మన దేశంలోనే చేసినవి. గొట్టం అడుగున చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. అవి పరీక్ష ముద్రలు. కొత్త బండి ఇరుసు మీద మామూలు కన్నా ఎక్కువ బరువు వేసి చూసినట్టు, కొత్త గొట్టంలో మామూలు కన్నా బలమైన మందు కూరి పేల్చి, తట్టుకున్నదానికే ఈ ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్ పరీక్షా గృహం 1813లో ఏర్పడింది. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ, ఎల్, జి అనే ఇంగ్లీషు అక్షరాలుంటే అది లియేజ్ ముద్ర.

ముఖ్యంగా చూడవలసింది ఆ పరీక్ష ఏ మందుకు జరిగిందన్నది. పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా తుపాకులన్నీ నల్లమందు తుపాకులే. ఆ తర్వాత పొగరాని మందు వచ్చింది. ఈనాటి తూటాలన్నీ దీనితో చేసినవే. నల్లమందు కోసం చేసిన గొట్టంలో నేటి తూటా పేల్చడం ప్రాణంతో చెలగాటం. బర్మింగ్‌హామ్ తుపాకి మీద 'నైట్రో ప్రూఫ్' అని గాని, కిరీటం కింద ఎన్, పి అనే అక్షరాలు గాని, 1950ల నడుమ నుంచి బి, ఎన్, పి అనే అక్షరాలు గాని ఉంటే పొగరాని మందుకు పరీక్ష జరిగినట్టు. అయితే ఆ ముద్ర పడిన నాడు గొట్టం అట్లా ఉన్నదనే అర్థం. తర్వాత తుప్పు తిన్నదానికి, గీకినదానికి ఆ ముద్ర పూచీ పడదు.

కొన్ని గొట్టాల మీద పాము చర్మం మీద ఉన్నట్టు మెలికల చారలు కనిపిస్తాయి. అవి ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కొలిమిలో అతికి చేసిన గొట్టాలు. డమాస్కస్ గొట్టాలంటారు. పేరు విని తెలంగాణలోని కోనసముద్రం ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తులు గుర్తుకు రావచ్చు. అది వేరు, ఇది వేరు. కత్తి ఉక్కు మూసలో కరిగించినది. ఈ గొట్టం అతుకుల మీద అతుకులు వేసినది. అతుకుల నడుమ తుప్పు ఎంత దూరం పాకిందో పైకి కనిపించదు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని చేనుకాపలాకు పనికి వచ్చేది కాదు.

తూటా పొడవు మరువరాదు

పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి తూటా గది రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాల్లో 70 మిల్లీమీటర్లవి ఎక్కువ. తమాషా ఏమిటంటే పొడవు తూటా కూడా పొట్టి గదిలో పట్టేస్తుంది. తూటా మూతి మడిచి ఉంటుంది కనుక పేలకముందు పొట్టిగా ఉంటుంది. పేలినప్పుడు మడత విచ్చుకుని గొట్టం ఇరుకులోకి పొడుచుకుపోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అందువల్ల గది పొడవు కొలిపించుకుని, పెట్టె మీద రాసిన పొడవు చూసి తూటా కొనాలి.

ఇరవై బోరు తూటా పొరపాటున పన్నెండు బోరు గొట్టంలో పడితే జారి లోపల ఇరుక్కుంటుంది. పైన మరో తూటా పెట్టి పేలిస్తే గొట్టం బద్దలవుతుంది. తుపాకితో పాటు పెట్టెలో దొరికిన పాత కాగితపు తూటాలు చెమ్మకు ఉబ్బి ఉంటాయి. వాటిని వాడరాదు, ఇంట్లో విప్పరాదు. తూటాలు కూడా లైసెన్సు మీద కొనవలసినవే కనుక స్టేషనులోనో దుకాణంలోనో అప్పగించాలి.

మరమ్మతు ఎవరు చేయాలి?

ఊళ్లో మంచి కమ్మరి ఉన్నాడు. పట్నంలో లేతు మిషను ఉన్నది. వెల్డింగ్ షాపు ఉన్నది. అక్కడ చేయిస్తే చవక కదా అనిపిస్తుంది. కాని తుపాకిని మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి కూడా లైసెన్సు ఉండాలని చట్టంలోని 5వ సెక్షను చెబుతున్నది. లైసెన్సు లేనివాడు ఈ పని వ్యాపారంగా చేస్తే, 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. నాలుగు రూకల పని కోసం వచ్చిన కమ్మరిని జైలుకు పంపే పాపం మూటగట్టుకోకూడదు.

మూతి దగ్గర గొట్టం చెడిందని అంగుళమో రెండంగుళాలో కోయించేవారు ఉంటారు. గొట్టం పొట్టి చేయడం కూడా అంత పెద్ద నేరమే. పైగా మూతి దగ్గర ఉండే ఇరుకు, దాన్నే చోకు అంటారు, కోతతో పోతుంది. రవ్వలు గుంపుగా పోకుండా చెల్లాచెదురవుతాయి.

తుపాకిని మరమ్మతుకు పంపేటప్పుడు యజమాని తానే తీసుకుపోవడం మంచిది. కొడుకు చేత పంపితే యజమాని రాసి ఇచ్చిన అధికార పత్రం చేతిలో ఉండాలి. దుకాణంలో ఇచ్చినప్పుడు నంబరుతో సహా రసీదు పుచ్చుకోవాలి. బాగు చేసిన తుపాకి మొదటి తూటాను భుజాన ఆనించి పేల్చరాదు. చెట్టుకు కట్టి తాడు లాగి చూసే నాటు పద్ధతీ వద్దు. ఆ పరీక్ష లైసెన్సు ఉన్న మరమ్మతుదారు పని.

ఏది బాగు చేయాలి, ఏది ముట్టరాదు

గొట్టం, మడత బాగుండి కర్ర మాత్రం చెడిన తుపాకి దొరికితే అది మంచి బేరం. పాత మడమలు ఎక్కువగా అక్రోటు కర్రవి. మన ఎండలకు కర్ర ఎండి మరలు వదులవుతాయి. పేలినప్పుడు ఇనుము వెనక్కి తన్ని కర్రను చీలుస్తుంది. సన్నటి చీలికను జిగురుతో, లోపల మేకుతో కలపవచ్చు. ఇనుము కూర్చునే చోట కర్ర నూనె తాగి మెత్తబడి ఉంటే పై పూత ఎంత వేసినా నిలవదు. ముందు సుద్దపొడి పట్టించి పాత నూనెను పీల్చాలి. తర్వాత ఉడికించిన అవిసె నూనెను పలచగా, పూతకు పూతకు మధ్య ఆరనిచ్చి రుద్దాలి. పట్టు జారకుండా చెక్కిన గళ్లను ఉప్పు కాగితంతో రుద్దితే అవి మళ్లీ రావు.

గొట్టం నల్లరంగు పోయిందని వేడి కారపు ద్రావణంలో ముంచి రంగు వేయించరాదు. ఒంటి గొట్టానికి అది సరిపోవచ్చు గాని, జోడు గొట్టాల టంకాన్ని ఆ ద్రావణం తినేస్తుంది. పట్టీ ఊడిపోతుంది. జోడు గొట్టాలకు మెల్లగా తుప్పు పట్టించి, ఉడికించి, తుడిచే పాత పద్ధతే తగినది. అది తెలిసినవాడు దొరక్కపోతే రంగు లేకుండా నూనె రాసి ఉంచుకోవడమే మేలు. పైన పటారం లోన లొటారం అయిన తుపాకి కన్నా, పైకి పాతదై లోన గట్టిగా ఉన్నది వెయ్యి రెట్లు నయం.

మీటలు మరీ సులువుగా కదిలినా, మూసేటప్పుడు తనంతట తానే కొట్టినా లోపలి గాట్లు అరిగినట్టు. తూటా అడుగున కొట్టే ముల్లు విరిగి ఉండవచ్చు. ఇవి మార్చదగినవే. ఇంట్లో మరలు విప్పి చూడబోతే పాత స్ప్రింగు విరుగుతుంది. దానికి జోడు మళ్లీ దొరకడం కష్టం.

తర్వాతి జాగ్రత్త

బాగైన తుపాకిని తోలు సంచిలో పెట్టి మూలన నిలబెడితే తోలు చెమ్మను పట్టి ఉంచి గొట్టాన్ని మళ్లీ తుప్పు పట్టిస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, తాళం వేసిన పెట్టెలో పడుకోబెట్టాలి. తూటాలు వేరే చోట ఉండాలి. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను స్టేషనులో అప్పగించమని ఉత్తరువులు వస్తాయి. వారాల తరబడి అక్కడే ఉంటాయి. అప్పగించే ముందు నూనె రాయడం, రసీదు పుచ్చుకోవడం, తిరిగి తెచ్చుకున్న రోజే నంబరు చూసుకుని గొట్టం తుడవడం మరువరాదు. పెళ్లిలోనో జాతరలోనో సరదాకు గాలిలో కాల్చడం 2019 నుంచి విడిగా నేరం. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నది.

చేతిలో తుపాకి ఉన్నా పంది మీద పేల్చరాదు

చివరగా, అసలు ఏ పని కోసం కొంటున్నారన్నది. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని చంపే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంటకు ముప్పు తెచ్చే జంతువును చంపాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతించాలి. రోళ్లపాడు చుట్టూ పంటలు మేసే కృష్ణజింకకు పంట నష్టం కారణంగా ఆ అనుమతి కూడా రాదు. అది మొదటి షెడ్యూలు జంతువు. అక్కడి రైతుకు అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవడమే దారి.

అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉన్న ఊళ్లకు మరో నిబంధన. అక్కడ కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా సమ్మతించాలి. నల్లమల, రోళ్లపాడు, కలివి కోడి మళ్లీ కనిపించిన లంకమల, వీటి చుట్టుపక్కల పల్లెలన్నీ ఈ లెక్కలో పడతాయి. తుపాకికి బయానా ఇచ్చి తర్వాత లైసెన్సు రాలేదని బాధపడే కన్నా, ఊరు ఎంత దూరంలో ఉన్నదో ముందే తెలుసుకోవడం మంచిది. పంట రక్షణకు ముందు నుంచి మందు కూరే తుపాకికి, ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకికి లైసెన్సు కోరే వీలు చట్టంలో విడివిడిగా ఉన్నది. ఏది కావాలో అర్జీలోనే స్పష్టంగా రాయాలి. ఇవేవీ కుదరలేదని చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం మాత్రం ఎన్నడూ తగదు. పందికని పెట్టిన తీగకు మనుషులు బలైన ఊళ్లు ఉన్నాయి.

పాత తుపాకి మీద మోజు తప్పేమీ కాదు. మంచి పనివాడు చేసిన తుపాకి నూరేళ్లు నిలుస్తుంది. చెడిన కర్రను, ఆగిన మరను బాగు చేయించి తాతల వస్తువును నిలుపుకోవడంలో ఒక తృప్తి ఉన్నది. కాని వరుస తప్పరాదు. ముందు కొనేవాడి లైసెన్సు, తర్వాత అమ్మేవాడి కాగితం, తర్వాత నంబరు, ఆ తర్వాత గొట్టం, అన్నిటికన్నా చివర ధర. గొట్టం పోయిన తుపాకిని ఎంత చవకగా ఇచ్చినా వద్దనగలవాడే తెలివైన బేరగాడు. కాగితం లేని తుపాకి ఎదురైతే బేరం మాట అటుంచి, ఆ ఇంటివారికి స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోమని చెప్పడం వారికి చేయగలిగిన మేలు.